ల్యూపస్ నమూనాల్లో బీ కణాల వర్గీకరణ: ఏ పద్ధతి పట్టుకోవాలి?

మీ ప్రశ్న సారాంశం ఇదీ. ల్యూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) రోగుల రక్తంలో బీ కణాలను, అంటే యాంటీబాడీలు చేసే వంశపు తెల్ల రక్తకణాలను, ఫ్లో సైటోమెట్రీతో విడదీసి చూడాలి. కణాల మీది అణువులకు (మార్కర్లకు) మెరిసే రంగులు అంటించి, లేజర్ కింద ఒక్కో కణాన్నీ కొలిచే పద్ధతి అది. ఒక పేపరులో బీఎం1 నుంచి బీఎం5 దాకా పేర్లున్నాయి. ఇంకోదాంట్లో ఐజీడీ (ఒక రకం యాంటీబాడీ), సీడీ27 అనే రెండు మార్కర్లు పెట్టి నాలుగు గళ్లు గీశారు. మూడోదాంట్లో డీఎన్2 అంటున్నారు, మీ గైడ్‌గారేమో ‘ఏబీసీలు చూడు’ అంటున్నారు (ఈ రెండు పేర్ల సంగతి కింద వస్తుంది). వీటిలో ఏది సరైనది, సింగిల్ సెల్ ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ (ఒక్కో కణంలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో చదవడం) చేయిస్తే ఈ తగువు తీరిపోతుందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మీ పనికి ఐజీడీ–సీడీ27 గళ్లనే వెన్నెముకగా పెట్టుకోండి. ట్రాన్సిషనల్ కణాలకీ (ఎముక మజ్జ నుంచి అప్పుడే వచ్చినవి), ప్లాస్మాబ్లాస్టులకీ (యాంటీబాడీలు స్రవించే దశకు చేరినవి) సీడీ24, సీడీ38 కలపండి. రెండు మార్కర్లూ లేని గడిని విడగొట్టడానికి సీడీ21, సీడీ11సీ, సీఎక్స్‌సీఆర్5 కలపండి. బీఎం పద్ధతిని రక్తానికి వాడకండి. సింగిల్ సెల్ డబ్బులుంటే చేయించండి గానీ, అది తీర్పు చెబుతుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

అసలు ఇన్ని పేర్లు ఎందుకొచ్చాయంటే, ఒక్కో పద్ధతీ ఒక్కో కణజాలంలో, ఒక్కో ప్రశ్న కోసం పుట్టింది. పుట్టిన చోట అవి బాగానే పనిచేస్తాయి. అక్కణ్ణుంచి తీసుకొచ్చి ఇంకోచోట పెట్టినప్పుడే చిక్కు. బీఎం వర్గీకరణ సంగతే చూడండి. 1994లో పాస్కువాల్, కాప్రా బృందం దాన్ని టాన్సిల్ కణాల మీద తయారుచేసింది. ఐజీడీ ఒక అక్షం, సీడీ38 ఇంకో అక్షం. టాన్సిల్‌లో జెర్మినల్ సెంటర్లు (బీ కణాలు తమ యాంటీబాడీని మెరుగుపరచుకునే చోట్లు) కళకళలాడుతుంటాయి కాబట్టి నైవ్ కణం (తన లక్ష్యమైన యాంటిజెన్‌ను ఇంకా ఎదుర్కోనిది) జెర్మినల్ సెంటర్‌లోకి వెళ్లి, మ్యుటేషన్లు తెచ్చుకుని, మెమరీ కణంగా బయటికి రావడం అనే కథంతా ఆ ఒక్క ప్లాట్‌లో వరసగా కనిపిస్తుంది. అదే ప్లాట్‌ను రక్తంతో గీయండి. ఐజీడీ ఉండి సీడీ38 బాగా ఎక్కువున్న గడి టాన్సిల్‌లో జెర్మినల్ సెంటర్ మొదలుపెట్టే కణాలది. రక్తంలో ఆ గడిలో పడేవి ఎక్కువగా ఎముక మజ్జ నుంచి కొత్తగా వచ్చిన ట్రాన్సిషనల్ కణాలు. ఐజీడీ లేకుండా సీడీ38 ఎక్కువున్న గడి టాన్సిల్‌లో సెంట్రోబ్లాస్టులు, సెంట్రోసైట్లది, అంటే జెర్మినల్ సెంటర్ లోపల పనిలో ఉన్న కణాలది. రక్తంలో అక్కడ కూర్చునేవి ప్లాస్మాబ్లాస్టులు. గడి అదే, పేరూ అదే, కణం మాత్రం వేరు. షోగ్రెన్ వ్యాధి (నోరు, కళ్లు ఎండిపోయే ఆటోఇమ్యూన్ జబ్బు) మీద పనిచేసే కొందరు బీఎం గళ్ల నిష్పత్తిని ఇప్పటికీ వాడతారు. పాత డేటాతో పోల్చుకోవాలంటే వాళ్లకది అవసరమే. మీకు ఆ అవసరం లేదు.

సీడీ27 కథ వేరు. 1998లో క్లైన్, రాయెవ్‌స్కీ, క్యూపర్స్ రక్తంలోని బీ కణాలను వేరుచేసి, వాటి ఇమ్యునోగ్లోబ్యులిన్ (యాంటీబాడీ) జన్యువుల్లో మ్యుటేషన్లు చూశారు. ఐజీఎం, ఐజీడీ రెండూ ఉన్న కణాల్లో సైతం సీడీ27 ఉన్నవాటికి మ్యుటేషన్లున్నాయి, లేనివాటికి లేవు. మార్కర్‌కు ఇలా బయటి నుంచి ఒక సాక్ష్యం దొరకడం చాలా పెద్ద విషయం. వి జన్యువులో (యాంటీబాడీలో లక్ష్యాన్ని పట్టే భాగానిది) సోమాటిక్ మ్యుటేషన్లు కనిపించాయంటే ఆ కణం ఒకసారి యాంటిజెన్‌ను ఎదుర్కొని వచ్చిందనడానికి అంతకన్నా గట్టి ఆధారం మనకు దొరకదు. అందుకే ఇరవై ఐదేళ్లు దాటినా సీడీ27 ఇంకా నిలబడి ఉంది.

ఐజీడీని దానికి జోడిస్తే నాలుగు గళ్లొస్తాయి. ఐజీడీ ఉండి సీడీ27 లేనివి నైవ్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల రక్తంలో బీ కణాల్లో సగానికి పైగా ఇవే. రెండూ ఉన్నవి స్విచ్ కాని మెమరీ, అంటే తమ యాంటీబాడీ రకాన్ని ఐజీఎం, ఐజీడీ నుంచి ఐజీజీ, ఐజీఏ వంటివాటికి మార్చుకోనివి. ఐజీడీ పోయి సీడీ27 ఉన్నవి స్విచ్ అయిన మెమరీ. రెండూ లేనివి డబుల్ నెగటివ్, అంటే డీఎన్. ఆరోగ్యవంతుల్లో ఈ చివరి గడి చిన్నది, బీ కణాల్లో కొద్ది శాతమే.

ఈ నాలుగింటిలో ఏదీ పూర్తిగా శుభ్రమైన గడి కాదు. నైవ్ గడిలో ట్రాన్సిషనల్ కణాలు కలిసే ఉంటాయి. స్విచ్ అయిన మెమరీ గడిలోకి ప్లాస్మాబ్లాస్టులూ వచ్చి చేరతాయి, ఐజీడీ లేకుండా ఐజీఎం మాత్రమే ఉన్న కణాలూ చేరతాయి. ఆ రెండోవి క్లాస్ స్విచ్ అవలేదు, అయినా గడి పేరు వల్ల స్విచ్ అయినవాటి లెక్కలో పడిపోతాయి. ప్యానెల్‌లో ఐజీఎం పెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. స్విచ్ కాని మెమరీ విషయంలో ఇంకో పాత వాదం నడుస్తోంది. సీడీ40 లైగాండ్ (టీ కణాలు బీ కణాలకు ఇచ్చే సంకేతం) లోపం ఉన్న పిల్లల్లో జెర్మినల్ సెంటర్లు ఏర్పడవు, స్విచ్ అయిన మెమరీ దాదాపు ఉండదు. అయినా ఐజీఎం, ఐజీడీ, సీడీ27 మూడూ ఉన్న కణాలు, మ్యుటేషన్లతో సహా, వాళ్ల రక్తంలో కనిపిస్తాయి. అందుకే ప్యారిస్‌లోని వెయిల్, రేనో బృందం వీటిని ప్లీహంలోని మార్జినల్ జోన్ అనే ప్రాంతానికి చెందిన వేరే వంశంగా చూస్తుంది. జెర్మినల్ సెంటర్ నుంచి తొందరగా బయటపడిన మెమరీ అని ఇంకొందరంటారు. మీ థీసిస్‌లో ఈ వాదం తేల్చే అవసరం లేదు. గడికి ‘మార్జినల్ జోన్ బీ కణాలు’ అని పేరు పెట్టకుండా ‘ఐజీడీ+ సీడీ27+’ అని రాయండి, ఏ రివ్యూయరూ మిమ్మల్ని పట్టుకోరు.

ఇప్పుడు మీ అసలు విషయం, డీఎన్ గడి. ల్యూపస్‌లో ఇది ఉబ్బుతుందని 2007లో ఇన్యాకి సాన్స్ బృందం చూపించింది. 2018లో ఆ బృందమే దీన్ని రెండుగా చీల్చింది. సీఎక్స్‌సీఆర్5, సీడీ21 ఉన్నవి డీఎన్1. అవి రెండూ పోయి, సీడీ11సీ, టీ-బెట్ (జన్యువులను నడిపే ఒక ప్రోటీన్) వచ్చినవి డీఎన్2. ఆరోగ్యవంతుల్లో డీఎన్1దే పైచేయి. జబ్బు తీవ్రంగా ఉన్న ల్యూపస్ రోగుల్లో డీఎన్2 పెరుగుతుంది, ఈ కణాలు టీఎల్‌ఆర్7 (ఆర్‌ఎన్‌ఏను పసిగట్టే రిసెప్టర్) సంకేతానికి గట్టిగా స్పందించి యాంటీబాడీలు స్రవించే కణాలుగా మారగలవు. సీఎక్స్‌సీఆర్5, సీడీ11సీ రెండూ లేని డీఎన్3ను తీవ్ర కోవిడ్ రోగుల్లో వర్ణించారు. ఐజీడీ ఇంకా పోని, సీడీ27 లేని, మిగతా అన్నిటిలో డీఎన్2ను పోలిన కణాలు ఇంకొన్ని ఉన్నాయి. వాటిని యాక్టివేటెడ్ నైవ్ అంటారు. డీఎన్2 వీటి నుంచే వస్తుందని ఆ బృందం వాదన, రెండింటి బీసీఆర్ (బీ కణం మీది యాంటీబాడీ రిసెప్టర్) క్లోన్లు, అంటే ఒకే కణం నుంచి పుట్టిన కుటుంబాలు, కలుస్తాయి కూడా.

మిగతా పేర్లు ఇక్కడే వచ్చి మీద పడతాయి. హెచ్‌ఐవీ రోగుల్లో సూజన్ మోయిర్, ఆంథొనీ ఫౌచీ బృందం 2008లో వర్ణించినవి ‘టిష్యూ లైక్ మెమరీ’. వాళ్ల ప్లాట్ సీడీ21, సీడీ27 మీద నడుస్తుంది, సీడీ10 ఉన్న అపరిపక్వ కణాలను ముందే పక్కన పెడతారు. మలేరియా విడవకుండా వచ్చే మాలీ దేశంలో 2009లో కనిపించినవాటికి ‘ఎటిపికల్ మెమరీ’ అన్న పేరు నిలిచింది. ఎలుకల్లో 2011లో రెండు బృందాలు వర్ణించినవి ‘ఏజ్ అసోసియేటెడ్ బీ కణాలు’, మీ గైడ్‌గారి ఏబీసీలు అవే. రోగనిరోధక లోపాల మీద పనిచేసే యూరప్ వాళ్లు ‘సీడీ21 లో’ అంటారు. వీటిలో చాలా భాగం ఒకే రకం కణాలే, సందేహం లేదు. కానీ గేట్లు (ప్లాట్ మీద కణాల గుంపును వేరుచేయడానికి గీసే హద్దులు) ఒకటి కావు. సీడీ21–సీడీ27 ప్లాట్‌లో ఐజీడీ చూడకపోతే యాక్టివేటెడ్ నైవ్ కణాలు, డీఎన్2 కణాలు ఒకే గడిలో పడతాయి. సీడీ11సీ, టీ-బెట్ మాత్రమే పెట్టి ‘ఏబీసీ’ అంటే సీడీ27 ఉన్న కణాలు కూడా వచ్చేస్తాయి. కాబట్టి ఒక పేపరులోని 12 శాతాన్ని ఇంకో పేపరులోని 4 శాతంతో పోల్చి ‘మన రోగుల్లో తక్కువుంది’ అనేస్తే అది కేవలం గేట్ తేడా కావచ్చు.

గైడ్‌గారితో వాదన పెట్టుకోనక్కర్లేదు. ‘సార్, ఏబీసీ గేట్ గీస్తాను, దానిలోనే ఐజీడీ, సీడీ27 ప్రకారం ఎన్ని ఎటు పడ్డాయో కూడా చూపిస్తాను’ అనండి. రెండు పేర్లూ ఒకే డేటా నుంచి వస్తాయి, ఆయనా సంతోషిస్తారు.

ఇంక గేట్ గీయడం దగ్గరికి వద్దాం. పేపర్లలో ఒక్క వాక్యంలో తేల్చేసే ఈ పనే ఫలితాన్ని అన్నిటికన్నా ఎక్కువ మారుస్తుంది. సీడీ27 ప్లాట్‌ను తెర మీద చూస్తే నైవ్, మెమరీ మధ్య స్పష్టమైన లోయ చాలాసార్లు ఉండదు, మెల్లగా జారే వాలు ఉంటుంది. గీత ఎక్కడ పెట్టాలి? ఒక లెక్క వేసి చూడండి. లక్ష లింఫోసైట్లు సేకరించారనుకుందాం. వాటిలో 8 శాతం బీ కణాలు, అంటే 8,000. నైవ్ 65 శాతం, అంటే 5,200. డీఎన్ 5 శాతం, అంటే 400. ఇప్పుడు ఐజీడీ గీత కొంచెం పైకి జరిగి, నైవ్ కణాల్లో కేవలం 2 శాతం డీఎన్ గడిలోకి జారాయి. అవి 104. నైవ్ గడిలో ఈ తేడా ఎవరి కంటికీ ఆనదు. డీఎన్ గడి మాత్రం 400 నుంచి 504 అయి కూర్చుంది, ఐదో వంతు దొంగ కణాలు. ల్యూపస్‌లో ఇది ఇంకా ముదురుతుంది, ఎందుకంటే యాక్టివేట్ అయిన నైవ్ కణాల మీద ఐజీడీ తగ్గుతుంది. అవి సహజంగానే గీత వైపు జారుతూ ఉంటాయి.

దీనికి నేను నమ్మేది లోపలి కంట్రోల్. సీడీ24, సీడీ38 రెండూ బాగా ఎక్కువున్న ట్రాన్సిషనల్ కణాలను ముందు గేట్ చేయండి. వాటికి సీడీ27 ఉండదు, ఐజీడీ ఉంటుంది. ఆ కణాలను ఐజీడీ–సీడీ27 ప్లాట్ మీద పరిచి, సీడీ27 గీత వాటి పై అంచున పెట్టండి. అదే నమూనా, అదే రోజు, అదే యంత్రం కాబట్టి ఈ గీతకు ఒక ఆధారం ఉంటుంది. ఒక్కో రంగు తీసేసి చేసే ఎఫ్‌ఎంఓ కంట్రోల్ కూడా కావాలి, ముఖ్యంగా సీడీ11సీ, సీఎక్స్‌సీఆర్5, టీ-బెట్‌లకు. అయితే ఎఫ్‌ఎంఓ చెప్పేది పక్క రంగుల కాంతి ఎంత ఒలికిందో మాత్రమే. కణానికి సీడీ27 ఉందా లేదా అన్న జీవశాస్త్రపు ప్రశ్నకు అది జవాబు కాదు. ఐసోటైప్ కంట్రోల్‌తో (ఆ మార్కర్‌ను పట్టని, అదే రకం యాంటీబాడీతో) గీత పెట్టే పాత అలవాటు మీ ల్యాబ్‌లో ఉంటే మర్యాదగా మాన్పించండి.

అదే లెక్కను ఇంకొంచెం ముందుకు తీసుకెళ్లండి. 400 డీఎన్ కణాల్లో నాలుగో వంతు డీఎన్2 అనుకుంటే చేతికి వచ్చేవి 100. వంద కణాల లెక్కలో ఊరికే యాదృచ్ఛికంగా వచ్చే ఊగిసలాటే 10 వరకు ఉంటుంది. ల్యూపస్ రోగులకు లింఫోసైట్లే తక్కువ, దాంట్లో బీ కణాలు ఇంకా తక్కువ, గోరుచుట్టు మీద రోకటిపోటు. పిండి కొద్దీ రొట్టె. కాబట్టి లక్ష ఈవెంట్లతో (యంత్రం నమోదు చేసిన కణాలతో) ఆపకండి, ట్యూబ్ ఖాళీ అయ్యేదాకా నడపండి. డీఎన్2లో మళ్లీ ఐజీజీ ఎంత, ఐజీఏ ఎంత అని చీల్చే ఆలోచన ఉంటే నమూనా పరిమాణం చూసుకుని నిర్ణయించుకోండి. ఇరవై కణాల మీద శాతాలు రాయడం చాలా పేపర్లలో చూస్తుంటాం, చూసినప్పుడల్లా చిరాకేస్తుంది.

శాతం దేంట్లో అన్నది కూడా ముఖ్యమే. మొత్తం బీ కణాల్లోనా, లింఫోసైట్లలోనా, మిల్లీలీటరు రక్తంలో సంఖ్యా? సీవీఐడీ అనే రోగనిరోధక లోపానికి 2002లో వచ్చిన ఫ్రైబర్గ్ వర్గీకరణలో స్విచ్ అయిన మెమరీని రక్తంలోని లింఫోసైట్ల శాతంగా తీసుకున్నారు, హద్దు 0.4. 2008లో వచ్చిన యూరోక్లాస్‌లో బీ కణాల శాతంగా తీసుకున్నారు, హద్దు 2. ఒకే రోగి రెండింటిలో రెండు చోట్ల పడవచ్చు. యూరోక్లాస్‌లో సీడీ21 తక్కువున్న కణాలకు 10 శాతం, ట్రాన్సిషనల్‌కు 9 శాతం అనే హద్దులున్నాయి, ఆ సీడీ21 గుంపు పెరిగిన రోగుల్లో ప్లీహం పెద్దదవడం ఎక్కువని తేలింది. మంచి పని, క్లినిక్‌లో పనికొచ్చింది. కానీ అవి సీవీఐడీ రోగుల కోసం పెట్టిన హద్దులు. ల్యూపస్‌కు ఎత్తి పెట్టడంలో అర్థం లేదు. మీ రోగులకు సంబంధించి శాతాలతో పాటు సంఖ్యలు కూడా ఇవ్వండి. నైవ్ కణాలు పడిపోతే మెమరీ శాతం దానంతటదే పెరిగినట్టు కనబడుతుంది, నిజానికి ఒక్క మెమరీ కణం కూడా కొత్తగా పుట్టి ఉండదు.

దీనికి మందులు మంచి ఉదాహరణ. బెలిముమాబ్ వాడే రోగిలో నైవ్, ట్రాన్సిషనల్ కణాలు తగ్గుతాయి, రక్తంలో మెమరీ కణాలు మాత్రం మొదట్లో పెరుగుతాయి. మైకోఫెనొలేట్ ప్లాస్మాబ్లాస్టులను తగ్గిస్తుంది. రిటుక్సిమాబ్ తీసుకున్నవాళ్లలో బీ కణాలే ఉండవు, పైగా ఆ మందు సీడీ20ని కప్పేస్తుంది కాబట్టి సీడీ20 మీద ఆధారపడితే ఉన్నవి కూడా కనబడవు. సీడీ19 పెట్టుకోవడానికి అదొక కారణం. దాని బలహీనత కూడా గుర్తుంచుకోండి. ఎముక మజ్జలో దీర్ఘకాలం బతికే ప్లాస్మా కణాల్లో కొన్నిటికి సీడీ19 ఉండదు. సీడీ19 మీద గురిపెట్టిన కార్-టీ చికిత్స (టీ కణాలను మార్చి, ఆ మార్కర్ ఉన్న కణాలను చంపేలా చేసి ఎక్కించడం) అయిన రోగుల్లోనూ ఈ మార్కర్ ఒక్కదాన్నే నమ్మకూడదు. ఆ చికిత్సే ఈ గళ్లు ఎందుకు పనికొస్తాయో కూడా చూపించింది. 2022లో జర్మనీలోని ఎర్లాంగెన్ బృందం అయిదుగురు ల్యూపస్ రోగులకు కార్-టీ ఇచ్చింది. సగటున 110 రోజుల తర్వాత బీ కణాలు తిరిగొచ్చాయి. వచ్చినవి ప్రధానంగా నైవ్, జబ్బు మాత్రం తిరిగి రాలేదు. ఐజీడీ, సీడీ27 అనే రెండు మామూలు మార్కర్లే అక్కడ అసలు కథ చెప్పాయి. మన దేశంలో కూడా 2023లో సీడీ19 కార్-టీకి అనుమతి వచ్చింది, అది లుకేమియా, లింఫోమాలకు. అలాంటి రోగుల నమూనాలు మీ చేతికి వచ్చే రోజులు దూరంలో లేవు.

ట్యూబ్‌లోనే జరిగే రెండు పొరపాట్లు చెప్పాలి. మొదటిది, బీ కణాల ఉపరితలం మీది ఐజీజీ, ఐజీఎంలకు రంగు వేయాలంటే ముందు బాగా కడగాలి. మొత్తం రక్తంలో నేరుగా వేస్తే సీరంలో ఉన్న యాంటీబాడీలే మీ రియేజెంట్ మొత్తాన్ని తాగేస్తాయి. రెండోది దీని తోబుట్టువే. ఎఫ్‌సీ రిసెప్టర్లను (యాంటీబాడీల తోకను పట్టేసుకునేవి) ఆపడానికి మనిషి సీరం గానీ, మనిషి ఐజీజీ గానీ వేసి, ఆ తర్వాత యాంటీ-ఐజీజీ వేస్తే ఫలితం ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ల్యూపస్‌లో రోగి సొంత ఐజీజీ కణాలకు అతుక్కుని ఉండటం కూడా మామూలే, మెమరీ కానివి సైతం ఐజీజీ ఉన్నట్టు మెరుస్తాయి. బ్రిలియంట్ వయొలెట్ రకం రంగులు రెండు గానీ, అంతకు మించి గానీ వాడితే వాటి ప్రత్యేక బఫర్ కలపండి, లేకపోతే ఒకదానికొకటి అంటుకుని వికర్ణంగా ఒక దొంగ గుంపు కనిపిస్తుంది. చచ్చిన కణాల రంగు, డబ్లెట్ (అతుక్కున్న కణాల జంట) గేట్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. టీ కణాల సీడీ3, మోనోసైట్ల సీడీ14 ఉన్నవాటిని తీసేసే డంప్ ఛానెల్ మాత్రం తప్పక పెట్టండి.

డబ్లెట్ల మాట ఎందుకన్నానంటే, దాని మీద ఒక పెద్ద రగడే జరిగింది. 2011లో రోత్‌స్టీన్ బృందం మనుషుల్లో బీ1 కణాలను (ఎలుకల్లో బాగా తెలిసిన ఒక ప్రత్యేక బీ కణ రకం) కనుగొన్నామంది. సీడీ20, సీడీ27, సీడీ43 ఉండి సీడీ70 లేనివి. వెంటనే అభ్యంతరాలు వచ్చాయి. సీడీ43 టీ కణాల మీద బాగా ఉంటుంది కాబట్టి బీ కణానికి టీ కణం అతుక్కున్న జంటలు ఆ గేట్‌లో పడతాయని ఒక వాదన. 2013లో ఇంకో బృందం, ఇవి ప్లాస్మాబ్లాస్టులుగా మారబోతున్న కణాల్లా ఉన్నాయని చూపింది. ఎలుక బీ1కు సమానమైనది మనిషిలో ఏదో ఈ రోజుకూ అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. మీ పేపరులో ‘బీ1’ అనే మాట అసలు రాకుండా చూసుకోండి.

పని పేరును గేట్ పేరుగా వాడటం ఇంకో ఉచ్చు. సీడీ24, సీడీ38 రెండూ ఎక్కువున్న కణాలను ఒక పేపరు ట్రాన్సిషనల్ అంటుంది. 2010లో లండన్‌లోని క్లాడియా మౌరీ బృందం అదే గేట్‌లోని కణాలు ఐఎల్-10 అనే సంకేత ప్రోటీన్ చేసి వాపును అదుపు చేస్తాయని, ల్యూపస్‌లో ఆ పని దెబ్బతింటుందని చూపింది. అప్పటినుంచి అదే గేట్ గీసి ‘రెగ్యులేటరీ బీ కణాలు’ అని రాసేవాళ్లు బయలుదేరారు. ఐఎల్-10 కొలవకుండా ఆ పేరు పెట్టకూడదు. గడిలో ఉన్న కణాల్లో ఐఎల్-10 చేసేవి కొన్నే, ఆ గడి బయట కూడా చేసేవి ఉన్నాయి.

సింగిల్ సెల్ దగ్గరికి వస్తే, మీరు ఆశించినట్టు కంప్యూటర్ దానంతటదే ‘ఇవిగో అసలు వర్గాలు’ అని చూపించదు. బీ కణాల డేటాను మామూలు పద్ధతిలో క్లస్టర్ చేసి (పోలిక ఉన్న కణాలను గుంపులుగా చేర్చి) చూడండి. చాలాసార్లు ముందు వచ్చేది కప్పా క్లస్టర్, లాంబ్డా క్లస్టర్, అంటే యాంటీబాడీలోని లైట్ చైన్ (చిన్న గొలుసు) రకాన్ని బట్టి విడిపోయినవి. ఇమ్యునోగ్లోబ్యులిన్ జన్యువుల తీవ్రత అంత ఎక్కువ. ల్యూపస్ నమూనాలో ఒక పెద్ద ప్లాస్మాబ్లాస్ట్ క్లోన్ ఉంటే అది వాడే వి జన్యువు పేరిటే ఒక క్లస్టర్ ఏర్పడిపోతుంది. అందుకే వేరియబుల్ జీన్ల (కణానికీ కణానికీ బాగా మారే జన్యువుల) జాబితాలోంచి ఇమ్యునోగ్లోబ్యులిన్ వి జన్యువులను, లైట్ చైన్ జన్యువులను తీసేసి క్లస్టర్ చేయాలి. ప్లాస్మాబ్లాస్టులు పగిలి వాటి ఆర్‌ఎన్‌ఏ ద్రవంలో కలిస్తే నైవ్ కణాల్లో కూడా ఐజీజీ ఉన్నట్టు కనిపిస్తుంది, దాన్ని శుభ్రం చేసే అడుగు వేరే ఉండాలి. సీడీ27 ఆర్‌ఎన్‌ఏ ఒక్కో కణంలో చాలా తక్కువగా దొరుకుతుంది, సున్నా వచ్చినంత మాత్రాన సీడీ27 లేదని కాదు. ఆటోమేటిక్‌గా పేర్లు పెట్టే సాఫ్ట్‌వేర్లలో చాలా వాటి వెనక ఉన్నది ఆరోగ్యవంతుల రక్తం. వాటికి డీఎన్2 అనేది తెలియదు, ‘మెమరీ’ అని ముద్ర కొట్టేస్తాయి. ఐటీజీఏఎక్స్ (సీడీ11సీది), టీబీఎక్స్21 (టీ-బెట్‌ది), ఎఫ్‌సీఆర్‌ఎల్5, జెడ్‌ఈబీ2 జన్యువులు కలిసి పైకి వచ్చిన గుంపును మీరే చూసి గుర్తుపట్టాలి.

డబ్బు పెట్టదలచుకుంటే బీసీఆర్ సీక్వెన్సింగ్‌తో కలిపి, ఐజీడీ, సీడీ27, సీడీ21, సీడీ11సీ, సీఎక్స్‌సీఆర్5 యాంటీబాడీ ట్యాగులతో చేయించండి. అప్పుడు అదే కణం మీద గడి పేరు, మ్యుటేషన్ల సంఖ్య, క్లోన్ బంధుత్వం మూడూ దొరుకుతాయి. పైన చెప్పిన 104 దొంగ నైవ్ కణాలను పట్టించేది అదే. డీఎన్2 గడిలో మ్యుటేషన్లు లేని కణాలు కుప్పగా కనిపిస్తే, అవి నిజంగా అప్పుడే మారిన నైవ్ కణాలా, మీ గీత తప్పా అని తిరిగి ప్లాట్ దగ్గరికి వెళ్లాలి. పూర్తి సింగిల్ సెల్‌కు స్తోమత లేకపోతే నాలుగు గళ్లను సార్ట్ చేసి ఒక్కోదానికీ వి జన్యువుల సీక్వెన్సింగ్ చేయించినా ఈ ప్రశ్నకు జవాబు వస్తుంది, ఖర్చు చాలా తక్కువ.

సీడీ27కు తోడుగా ఇంకో మార్కర్ పెట్టే చోటు ప్యానెల్‌లో ఉంటే సీడీ45ఆర్‌బీ ఆలోచించండి. 2020లో గ్లాస్, బెండాల్ బృందం 351 ఉపరితల అణువులను మాస్ సైటోమెట్రీతో (రంగుల బదులు లోహాలు అంటించే పద్ధతి) జల్లెడ పట్టినప్పుడు, మెమరీని నైవ్ నుంచి విడదీయడంలో ఇది బాగా నిలబడింది. సీడీ27 లేకపోయినా సీడీ45ఆర్‌బీ ఉన్న మెమరీ కణాలు ఉన్నాయని చూపించారు. కొనేటప్పుడు క్లోన్ పేరు చూసుకోవాలి. చక్కెర గొలుసు ఉన్న రూపాన్ని పట్టే మెమ్55 క్లోనే కావాలి, మామూలు సీడీ45ఆర్‌బీ యాంటీబాడీ దీనికి పనిచేయదు.

చివరగా, ఫ్రీజర్‌లో ఉన్న పాత నమూనాలు వాడొచ్చా అని అడిగారు. వాడొచ్చు, ఐజీడీ–సీడీ27 గళ్లు బాగానే వస్తాయి. ప్లాస్మాబ్లాస్టులు మాత్రం గడ్డకట్టించి కరిగించడాన్ని తట్టుకోలేవు, కీమోకైన్ రిసెప్టర్ల వెలుగు కూడా తగ్గుతుంది కాబట్టి సీఎక్స్‌సీఆర్5 గీతను కరిగించిన కంట్రోల్ నమూనాల మీదే పెట్టాలి. రోగుల నమూనాలు ఫ్రీజర్ నుంచి, కంట్రోళ్లు ఆ ఉదయమే ల్యాబ్‌లో కూర్చున్న ఇరవై నాలుగేళ్ల కుర్రాళ్ల నుంచి తీసుకోవడం అన్నిచోట్లా జరిగేదే. అలా చేస్తే వయసు తేడా, స్త్రీ పురుషుల తేడా, ఫ్రీజింగ్ తేడా మూడూ కలిసి ‘ల్యూపస్ ప్రభావం’ పేరుతో బయటికొస్తాయి. వయసు సరిపోయే స్త్రీల నుంచి కంట్రోళ్లు తీసి, అవీ కనీసం కొన్ని వారాలు అదే ఫ్రీజర్‌లో ఉంచి, రోగుల నమూనాలతో కలిపి ఒకే బ్యాచ్‌లో కరిగించండి. ప్రతి బ్యాచ్‌లో ఒకే దాత నుంచి తీసి పంచి పెట్టుకున్న ఒక వయల్ కూడా వేస్తే, మార్చిలో గీసిన గేట్ ఆగస్టులోనూ అక్కడే ఉందో లేదో తెలుస్తుంది.